వెండి కంకుల గునుగు

జూలై నెలాఖరు. నాలుగు మంచి వానలు పడి, కంది, జొన్న జానెడెత్తు లేచిన ఎర్ర చెలక. సాళ్లలో వరుసగా కూర్చుని కలుపు తీస్తున్న ఆడవాళ్ల చేతుల్లో కుర్పీలు ఆగకుండా ఆడుతుంటాయి. తుంగ, గరిక, ఏది దొరికితే అది గట్టు మీదికి పోతుంది. ఒక మొక్క దగ్గర మాత్రం ఆ చేయి కాస్త నిదానిస్తుంది. నిటారుగా, నున్నగా, ఈటె మొనలాంటి సన్నటి ఆకులతో నిలబడ్డ లేత మొక్క అది. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్ల దాన్నీ లాగేయబోతే పక్కనున్న పెద్దావిడ ఆపుతుంది. "సాలులున్నది పీకు బిడ్డా. గట్టు మీదిది ఉండనియ్యి. బతుకమ్మకు పూలయితయి." పీకిన వాటి చివుళ్లు గిల్లి ఆమె ఒడిలో వేసుకుంటుంది. పొద్దుగూకి ఇంటికి చేరాక అవి పప్పులో పడతాయి.

ఆ మొక్క గునుగు. ఆంధ్ర, రాయలసీమల్లో చాలాచోట్ల గురుగు, గురుగాకు అంటారు. బతుకమ్మ ఆడిన ఆడపడుచుల్లో ఈ పువ్వు తెలియనివాళ్లు ఉండరు. కాని పువ్వు రాకముందు అదే మొక్కను చూపించి పేరేమిటని అడిగితే, పట్నంలో పెరిగినవాళ్లు చెప్పగలగడం అరుదు. ఈ కంకి తోటకూరకు చుట్టమని, ఆకు కూరకు పనికొస్తుందని, కుండీలో కూడా పెంచుకోవచ్చని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. పువ్వు ఇంత పేరు తెచ్చుకుని మొక్క ఇంత మరుగున ఉండిపోవడం గునుగు విషయంలో జరిగిన అన్యాయం.

వృక్షశాస్త్రంలో దీని పేరు సెలోషియా అర్జెంటియా. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో ప్రచురించిన 'స్పీషీస్ ప్లాంటారమ్' గ్రంథంలో ఈ పేరు పెట్టాడు. సెలోషియా అన్న మాటకు మూలం గ్రీకులో మండేదాన్ని చెప్పే పదం. మంటలా పైకి లేచే పూగుత్తిని చూసి ఆ పేరు వచ్చింది. అర్జెంటియా అంటే లాటిన్‌లో వెండిలాంటిది. మొదటి మాట దీని తోబుట్టువైన కోడిజుట్టు పువ్వుకు బాగా సరిపోతుంది. రెండోది మన చెలకల్లోని గునుగును చూసి పెట్టినట్టే ఉంటుంది.

ఇది తోటకూర కుటుంబం, అంటే అమరాంథేసి. ఇందులో రెండు వేలకు పైగా జాతులున్నాయి. తెలుగు ఇంట్లో ఈ కుటుంబం అడుగడుగునా కనిపిస్తుంది. తోటకూర, కొయ్యగూర, పొన్నగంటి, చెంచలి కూర, పిండికూర అందరూ ఇందులోవాళ్లే. పాలకూర, బీట్‌రూట్, చక్రవర్తికూర ఒకప్పుడు వేరే కుటుంబంగా ఉండేవి. 1998లో పూల మొక్కల వర్గీకరణను జన్యు ఆధారాలతో తిరగరాసినప్పుడు అవీ ఈ ఇంట్లోకే వచ్చాయి. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రుల్లో అపామార్గం పేరుతో సమర్పించే ఉత్తరేణి కూడా ఈ వంశమే. భాద్రపద శుద్ధ చవితికి ఉత్తరేణి ఆకు, అదే నెల అమావాస్యకు గునుగు పువ్వు. నెల తిరక్కుండానే ఒకే కుటుంబానికి చెందిన రెండు మొక్కలు పూజకు వస్తున్నాయన్నమాట.

కుటుంబానికి ఆ పేరు వచ్చింది గ్రీకు 'అమరాంతోస్' నుంచి. వాడనిది అని అర్థం.

ఇక గుర్తుపట్టడం. పువ్వు ఉంటే పని సులువు. లేనప్పుడే చూపుకు పరీక్ష. లేత గునుగు కాండం మీద నిలువు గీతలు, గాడులు తేలి ఉంటాయి. వేళ్ల మధ్య పెట్టి తిప్పితే ఆ గట్లు తగులుతాయి. ఆకులు కణుపుకు ఒక్కటి చొప్పున, ఒకటి ఇటు ఒకటి అటు వస్తాయి. ఆకు పొడవు 2 నుంచి 15 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు, వెడల్పు మాత్రం మహా అయితే మూడు సెంటీమీటర్లు. కొస సన్నగా కూసుగా ఉంటుంది. అడుగుభాగం కూడా సన్నబడి తొడిమలో కలిసిపోతుంది కనుక తొడిమ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. అన్నిటికన్నా పెద్ద గుర్తు నునుపు. కాండం మీద గాని ఆకు మీద గాని నూగు ఉండదు. కొన్ని మొక్కల్లో కాండం, ఆకుల ఈనెలు ఎర్రబారి ఉంటాయి, కొన్ని పూర్తిగా పచ్చగా ఉంటాయి. రంగును నమ్ముకుంటే పొరపాటు పడతారు.

పోలికలున్న చుట్టాలను వేరు చేయడానికి చాలావరకు ఈ మూడు చాలు: ఆకుల అమరిక, ఆకు కొస, నూగు. ఉత్తరేణి ఆకులు కణుపుకు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. పైగా దాని కంకి గింజలు కిందికి వంగి, పక్కనుంచి నడిస్తే చాలు పంచెకు, చీర కుచ్చిళ్లకు అంటుకుంటాయి. పొన్నగంటిదీ ఎదురెదురు ఆకే. పిండికూర మీద తెల్లటి నూగు బూడిద చల్లినట్టు ఉంటుంది. చిలక తోటకూర ఆకు కొసన చిన్న నొక్కు పడి ఉంటుంది, తొడిమ పొడుగ్గా విడిగా కనిపిస్తుంది. చెంచలి నేలకు దగ్గరగా కొమ్మలు చాపుతుంది. దాని పూలకాడ సన్నటి దారంలా, పూలు గులాబి చుక్కల్లా ఉంటాయి. కాస్త ఇబ్బంది పెట్టేది అల్మానియా అనే మరో మొక్క. కొన్ని ఊళ్లలో దాన్నీ గురుగు అనే పిలుస్తారు. దాని పూలు కంకిగా రావు, ఆకుల పక్కన చిన్న చిన్న గుండ్రటి ముద్దల్లా వస్తాయి. అదీ తినే ఆకే కనుక ఇన్నాళ్లూ ఆ పేరు పంచుకోవడం వల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

పువ్వు వచ్చాక ఒక కంకిని తెంపి భూతద్దం కింద పెట్టి చూడాలి. బయటికి ఒక్క పువ్వులా కనిపించే కంకి నిజానికి పదుల కొద్దీ చిన్న పూల కుదురు. మొక్క బలాన్ని బట్టి కంకి పొడవు రెండున్నర నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అడుగు పూలు ముందు విచ్చుకుంటాయి, కొస పూలు చివరికి. అందుకే ఒకే కంకిలో కింద వెండి, పైన లేత గులాబి కనిపిస్తాయి. ఒక పువ్వును సూదితో విడదీస్తే ఐదు రేకులు, నిజానికి ఆకర్షక పత్రాలు, రక్షక పత్రాలు అని తేడా లేని పరిపత్రాలు, గట్టిగా, కొసలు తేలి, చిన్న పడవల్లా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి 6 నుంచి 10 మిల్లీమీటర్లు. లోపల ఐదు కేసరాలు అడుగున ఒకదానికొకటి అతుక్కుని చిన్న గిన్నెలా ఏర్పడతాయి. ఆ గిన్నె మధ్యలో నుంచి పొడుగాటి కీలం బయటికి వస్తుంది.

కాయ మరీ ముచ్చటైనది. మూడు, నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కాయ పండగానే నడుము చుట్టూ గీత గీసినట్టు పగిలి, పైభాగం మూతలా ఊడి వస్తుంది. ఎండిన కీలం ఆ మూతకు పిడిలా అంటుకునే ఉంటుంది. అచ్చం కుంకుమ భరిణె. తోటకూర కాయలో ఒక్క గింజే ఉంటుంది. గునుగు భరిణెలో కొన్ని గింజలుంటాయి, నల్లగా, మెరుస్తూ, కందిబద్ద కన్నా ఎంతో చిన్నగా. గ్రాము తూకానికి దాదాపు వెయ్యి గింజలు. ఇద్దరు దగ్గరి చుట్టాల మధ్య ఉన్న ఈ గింజల లెక్కే కుటుంబంలో వారిని వేర్వేరు శాఖల్లో కూర్చోబెట్టింది.

మరి ఈ పువ్వు ఎందుకు వాడదు? మందారం, గులాబి రేకులు నీటితో బిగిసి నిలబడతాయి. తెంపగానే నీరు ఆవిరై కణాలు వదులైపోతాయి, రేకు వాలిపోతుంది. గునుగు పరిపత్రంలో ముందు నుంచే నీరు బహు తక్కువ. పువ్వు విచ్చుకునేసరికే అది సగం ఎండిన కాగితపు పొర. నిలబెట్టేది నీటి ఒత్తిడి కాదు, గట్టిపడిన కణ కవచాలు. కాబట్టి కోశాక పోగొట్టుకోవడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ లేదు. వెండి తెలుపు సంగతీ అంతే. అందులో తెల్ల రంగు పదార్థం ఏదీ లేదు. ఎండిన కణాల్లో గాలి నిండి, మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఉప్పు, పంచదార, పత్తి తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే.

కొసన కనిపించే గులాబికి మాత్రం నిజమైన రంగు పదార్థం ఉంది. వంకాయ తొక్కకు, నేరేడుకు, చాలా ఎర్ర పూలకు రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. గునుగులో అవి లేవు. వాటి స్థానంలో బీటలైన్లు అనే వేరే వర్గం రసాయనాలున్నాయి. బీట్‌రూట్‌ను కోస్తే చేతికి అంటే ఎరుపు, ఎర్ర తోటకూర రంగు, నాగజెముడు పండు రంగు, కాగితపు పూల చెట్టు రంగు, అన్నీ ఈ బీటలైన్లే. ఈ రెండు రకాల రంగులూ కలిసి ఒకే మొక్కలో ఇప్పటిదాకా ప్రకృతిలో దొరకలేదు. ఒకటుంటే రెండోది ఉండదు. ఎర్ర ఛాయ ఉన్న గునుగు ఆకును ఉడికిస్తే నీళ్లకు ఆ రంగు దిగడం బీటలైన్లు నీటిలో కరుగుతాయనడానికి వంటింటి రుజువు.

బతుకమ్మలో గునుగు పక్కనే ముదురెరుపు పట్టు కుచ్చులా కూర్చునే సీతమ్మ జడ, అదే కోడిజుట్టు పువ్వు, దీనికి అతి దగ్గరి రూపం. దాన్ని గునుగులోనే ఒక రకంగా కొందరు శాస్త్రవేత్తలు, విడి జాతిగా మరికొందరు లెక్కిస్తారు. మామూలు మొక్కలో పెరిగే కొస ఒక చుక్కలా ఉంటుంది. కోడిజుట్టులో ఆ చుక్క సాగి గీతలా మారుతుంది. గీత పొడవునా పెరుగుదల జరిగేసరికి పూగుత్తి విసనకర్రలా విచ్చుకుని, ఖాళీ చాలక మడతలు పడుతుంది. వేరే మొక్కల్లో ఇది ఎప్పుడో ఒకసారి కనిపించే వైకల్యం. ఇక్కడ మనుషులు ఆ అందానికి మురిసి, విత్తనాలు ఏరి, తరతరాలుగా నిలబెట్టుకున్నారు.

గునుగు కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది దాని కేలండరు. తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మ చంద్రుడి లెక్కన వస్తుంది. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు సాగి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ అమావాస్య 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. అంటే పండుగ మూడు వారాలకు పైగా అటూ ఇటూ జరుగుతుంది. మొక్కకు చంద్రుడితో పని లేదు. అది లెక్కపెట్టేది పగటి నిడివిని. అయినా ఏ ఏడూ బతుకమ్మకు గునుగు లేకుండా పోలేదు. ఎలా?

మొక్కలు పూయడానికి పగటి నిడివిని చూస్తాయన్న సంగతిని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో బయటపెట్టారు. వాళ్లు పరీక్షించింది పొగాకు, సోయా మొక్కల్ని. నిజానికి మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్కల మీద ప్రయోగాలు చేసి ఆ విషయం తేల్చారు. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ మొక్క లెక్క తప్పి పూయడం మానేసింది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం వెలుగును, చీకటిని పసిగట్టి ఈ లెక్కకు ఆధారమవుతుంది.

గునుగు పొట్టి పగళ్ల మొక్క. అయితే మరీ పట్టుదల గలది కాదు. పగళ్లు పొడుగ్గా ఉన్నా వయసు మీరితే పూస్తుంది, పొట్టిగా ఉంటే త్వరపడుతుంది. హైదరాబాదులో జూన్ మూడో వారంలో పగలు 13 గంటల పైమాటే. తొలకరికి మొలిచిన గునుగు ఆ పొడుగు పగళ్లలో పూల ఊసెత్తకుండా ఆకు, కాండం పెంచుకుంటుంది. ఆగస్టు గడిచి సెప్టెంబరు వచ్చేసరికి పగలు 12 గంటల వైపు దిగుతుంది, కొసలన్నీ ఒక్కసారిగా కంకి తిరుగుతాయి. ఇది సూర్యుడి లెక్క, ఏటా ఒకేలా ఉంటుంది. చంద్రుడి లెక్కకు ఇది అందేలా చేసేది ఆ కాగితపు రేకు. కంకి అడుగు నుంచి కొసదాకా వారాల తరబడి పూస్తూ పోతుంది, ముందు పూసినవి రాలిపోవు, వాడవు. పండుగ సెప్టెంబరులో వస్తే గులాబి కొసలున్న లేత కంకులు, అక్టోబరు మధ్యకు జరిగితే పొడుగాటి వెండి కంకులు. రోజుకే వాడిపోయే పువ్వయితే ఈ పొత్తు కుదిరేది కాదు.

ఇదే లెక్క మరో వింతను కూడా విప్పి చెబుతుంది. ఆగస్టు చివరలో మొలిచిన గునుగు జానెడు కూడా పెరగకుండానే బొటనవేలంత కంకి వేస్తుంది. నేల మంచిది కాదని, జబ్బు పట్టిందని అనుకుంటారు గాని అదేం కాదు. పొడుగు పగళ్లు దానికి దక్కలేదు, అంతే. తొలకరికి మొలిచి చోటు దొరికిన మొక్క మనిషెత్తు కూడా దాటుతుంది.

పువ్వుగా దాని గొప్ప ఇంకొకటుంది. బతుకమ్మను పేర్చేవాళ్లకు అది బాగా తెలుసు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి వరుస మీద వరుస గుండ్రంగా పేర్చుకుంటూ పోతే, మెత్తటి పూలు బరువుకు అణిగిపోతాయి. గునుగు కాడ పుల్లలా గట్టిగా ఉంటుంది, కంకి కొలిచి కోసినట్టు నిటారుగా ఉంటుంది. కాడలన్నీ ఒక్క పొడవుకు కత్తిరించి, గుప్పెడు చొప్పున దారంతో కట్టి, తలలు బయటికి పెట్టి పేరిస్తే గోపురానికి అదే గోడ. తంగేడు పసుపు, బంతి నారింజ ఆ గోడ మీద నిలుస్తాయి. తెల్ల కంకి కొసల్ని రంగునీళ్లలో ముంచితే వెంటనే పట్టుకోవడానికి కూడా ఆ ఎండిన, తెల్లటి పొరే కారణం. నిమజ్జనం రోజున అవి చెరువులోకే పోతాయి కనుక ముంచే రంగు ఏమిటో చూసుకోవాలి. పూలు ఎంత పవిత్రమైనవైనా నీళ్లలో కుళ్లేటప్పుడు కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. మర్నాడు పొద్దున్నే వాటిని తేల్చి తీసి ఎరువు చేసే పద్ధతి చెరువుకూ మేలు, మట్టికీ మేలు.

మనం పువ్వుకు ఇచ్చిన విలువను పశ్చిమ ఆఫ్రికా ఆకుకు ఇచ్చింది. సెలోషియా జాతుల్లో ఎక్కువ భాగం ఆఫ్రికావే. నైజీరియాలో గునుగు కలుపు కాదు, మడులు కట్టి పెంచే ఆకుకూర. యోరుబా భాషలో దీన్ని సోకో యోకోతో అంటారు. ఇంట్లో మగవాళ్లను ఒళ్లు చేయించి సంతోషపెట్టేదని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఇంగ్లిషువాళ్లు పెట్టిన పేరు లాగోస్ పాలకూర. మిరపకాయ, ఉల్లి, టమాటా, పామాయిల్, చేప లేదా మాంసంతో కలిపి పులుసులా వండి గట్టి ముద్దతో తింటారు. అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఆఫ్రికా మరుగున పడిన పంటల మీద వెలువరించిన సంపుటాల్లో, 2006 నాటి కూరగాయల సంపుటం దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది.

మన దగ్గర ఆకు సంగతి తెలిసినవాళ్లు లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు విత్తకుండా దొరికే కూరల పేర్లు వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు. తుమ్మికూర, దొగ్గలి, జొన్న చెంచలి, గునుగు. వాళ్ల లెక్కలో ఇవి కలుపు కావు, చేను ఇచ్చే రెండో పంట. వానాకాలం మొదట్లో, కొట్లో గింజలు తగ్గి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో, పేదింటి కంచంలోకి పచ్చదనం తెచ్చినవి ఇవే. వాటిని మొరటు తిండిగా చూసిన కాలంలో మనం పోగొట్టుకున్నది చిన్నది కాదు.

జొన్న రైతుకు ఇంకో కబురు. స్ట్రైగా అనే పరాన్న కలుపు జొన్న వేళ్లకు అతుక్కుని రసం పీల్చి బతుకుతుంది. దుమ్ములాంటి దాని గింజలు నేలలో ఏళ్ల తరబడి పడి ఉండి, జొన్న వేరు విడిచే రసాయనాలు తగిలినప్పుడే మొలుస్తాయి. గునుగు వేరు కూడా ఆ గింజల్ని మొలిపించగలదు. కాని గునుగు వేరులోకి స్ట్రైగా చొరబడలేదు. మొలిచిన పిల్ల ఆహారం దొరక్క నాలుగు రోజుల్లో మాడిపోతుంది. తూర్పు ఆఫ్రికా రైతులు గునుగును స్ట్రైగాను తరిమేదిగా గుర్తించారు. ఉగాండాలో జొన్న చేలల్లో దీని మీద పరీక్షలు జరిపి 2003లో ఫలితాలు ప్రచురించారు. అలాగని సాళ్లలో గునుగును వదిలేయమని కాదు. నీళ్లకు, ఎరువుకు అదీ పైరుతో పోటీపడుతుంది. గట్టు మీదిది ఉంచి సాలులోది పీకమన్న పెద్దావిడ లెక్క ఇక్కడ కూడా సరైనదే.

పెరట్లోనో డాబా మీదో పెంచదలచినవాళ్లు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కావలసింది ఆకా, పువ్వా? రెండింటికీ గింజ ఒకటే, విత్తే కాలం, పెంచే తీరు వేరు.

ఆకుకైతే ఎండాకాలం చివరి నుంచి జూన్ దాకా విత్తడం మంచిది. పగళ్లు పొడుగ్గా ఉంటాయి కనుక మొక్క ఆకు మీదే దృష్టి పెడుతుంది. గింజ సన్నం, గుప్పిట్లో పట్టుకుంటే ఒకేచోట కుప్పగా పడుతుంది. పొడి ఇసుక నాలుగైదు రెట్లు కలిపి చల్లి, పైన పలచగా మెత్తటి మట్టి కప్పాలి. లోతుకు పోతే మొలవదు. తడి ఆరకుండా రోజ్‌క్యాన్‌తోనో, చేత్తో చిలకరించో నీళ్లు పోయాలి, ధారగా పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. వెచ్చటి రోజుల్లో వారంలోపే మొలక కనిపిస్తుంది. మూడు వారాలకు నాలుగైదు ఆకులు వచ్చినప్పుడు ఒత్తుగా ఉన్నవి పీకి కూర వండుకోవచ్చు, మిగతావి జానెడు దూరంలో నిలవాలి. పొద్దంతా ఎండ తగలాలి. చెలక మట్టిలో బతికే మొక్కే అయినా లేత ఆకు దండిగా రావాలంటే పశువుల ఎరువు కావాలి, నీళ్లు తప్పకూడదు. నీటి ఎద్దడి వస్తే మొక్క తొందరపడి కంకి తిరుగుతుంది, ఆకు గిడసబారుతుంది. మోకాలెత్తుకు రాకముందే బెత్తెడు మోడు వదిలి కోస్తే పక్క పిలకలు వస్తాయి. మళ్లీ రెండు మూడుసార్లు కోసుకోవచ్చు. కంకి కనిపించిందంటే ఆకు రుచి తగ్గినట్టే.

పువ్వుకైతే జూన్ చివర ఒకసారి, పదేసి రోజుల ఎడంతో మరో రెండుసార్లు చల్లుకోవాలి. ఏ తేదీన పండుగ వచ్చినా ఏదో ఒక మడి చేతికి అందుతుంది. అడుగు ఎత్తున కొస గిల్లితే ఒక పెద్ద కంకి బదులు అరడజను మధ్యస్థం కంకులు వస్తాయి. బతుకమ్మ వరుసకు అవే నప్పుతాయి. కుండీని వరండా దీపం కింద, వీధిలైటు వెలుగు పడేచోట పెట్టవద్దు. రాత్రి చీకటి చెడితే పూత ఆలస్యమయ్యే అవకాశం ఉంది.

వండే ముందు రెండు జాగ్రత్తలు. కుటుంబంలోని మిగతా ఆకుల్లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి. ఆకును కాసేపు ఉడికించి ఆ నీరు వంచేస్తే చాలావరకు పోతాయి, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. రెండోది ఇంతకన్నా ముఖ్యం. గునుగు నేలలోని కొన్ని లోహాలను బలంగా పీల్చుకుంటుంది. మాంగనీసును, కాడ్మియంను ఆకుల్లో పోగుచేసుకునే దీని గుణాన్ని చైనా పరిశోధకులు గమనించి, గనుల వల్ల పాడైన నేలలను శుభ్రపరచడానికి వాడే దారులు వెతుకుతున్నారు. నేలకు అది సేవ, కంచానికి అది ముప్పు. ఫ్యాక్టరీ మురుగు పారేచోట, పెద్ద రోడ్డు పక్కన, చెత్త తగలబెట్టే దిబ్బ మీద ఎంత ఏపుగా పెరిగినా ఆ ఆకు తినకూడదు.

గింజలకు చైనా వైద్యంలో పాత పేరుంది, కంటి జబ్బులకు వాడతారు. జపాన్ శాస్త్రవేత్తలు 2001లో ఈ గింజల్లో సెలోజెంటిన్లు అనే చిన్న ప్రోటీను ముక్కల్ని కనుగొన్నారు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల కట్టుకునే సన్నటి గొట్టాల నిర్మాణాన్ని ఇవి అడ్డుకుంటాయి. కేన్సర్ మందుల పరిశోధకులు వీటిపై ఆసక్తి చూపడానికి కారణం అదే. అదే కారణంగా గింజల్ని ఇంట్లో నూరుకుని మందుగా మింగడం తగదు.

ఇంత ఉండి, ఇప్పుడు గునుగు కోసం వెతుక్కోవలసి వస్తోంది. పత్తి చేలల్లో కుర్పీ పోయి గడ్డిమందు వచ్చింది. మందుకు గట్టు, సాలు అన్న తేడా లేదు. పడావు భూములు ప్లాట్లయ్యాయి. పండుగ ముందు రోజు పట్నం కూడళ్లలో ఆటోల మీద దిగే గునుగు కట్టల కోసం కోసేవాళ్లు ఏటా మరింత దూరం పోతున్నారు. పైగా కోత మొత్తం గింజ పండకముందే జరుగుతుంది. ఒక చోట కంకులన్నీ కోసేస్తే వచ్చే ఏడాదికి అక్కడ రాలే గింజ ఉండదు. మునుపు కోయగా మిగిలినవి చాలా ఉండేవి కనుక ఈ లెక్క ఎవరికీ గుర్తురాలేదు.

అందుకే మడిలో నాలుగు మొక్కలను కోయకుండా వదలాలి. సద్దులు దాటి నెల గడిచేసరికి కంకి అడుగుభాగం గోధుమ రంగుకు తిరుగుతుంది. వేలితో రాస్తే భరిణె మూతలు ఊడి పొట్టులా రాలతాయి. అప్పుడు మొక్కను కుదపకుండా వంచి, కింద తెల్లటి పాత ధోవతి గుడ్డ పరిచి, కంకిని అరచేతితో రెండుసార్లు తట్టాలి. ముందు వెండి పొరలు ఎగురుతాయి, వాటి వెనకే నల్లటి గింజలు టపటపా రాలతాయి. చేటలో పోసి చెరిగితే పొరలు గాలికి పోయి నల్లటి మెరుపు మిగులుతుంది. ఒక్కరోజు నీడన ఆరబెట్టి కాగితం పొట్లం కట్టి పైన నెల, ఊరు రాసి పెట్టుకోవాలి. పొట్లంలో సగం పెరటికి. మిగతా సగం మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డ సాయంత్రం, చేనుగట్టు మీద, చెరువు కట్ట వారన చల్లి రావచ్చు.